సాఫ్ట్‌వేర్ కొనేముందు ఒక పూట కౌంటర్ దగ్గర కూర్చో

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఏజెన్సీల వాళ్లు టైముకి సరుకు వేయడం లేదని, వాళ్లకీ నీకూ లెక్కలు కలిపే సాఫ్ట్‌వేర్ కొంటానని మొన్న ఫోన్లో అన్నావు. కొను, వద్దనను. కానీ నీ మూడు షాపుల లెక్క ముందు నీకు సరిగ్గా ఉండాలి కదా! పోయినసారి వచ్చినప్పుడు గంటసేపు మీ కౌంటర్ పక్కన కూర్చున్నాను. ఒకావిడ నూడుల్స్ ప్యాకెట్లు ఐదు తెచ్చింది. మూడు మసాలావి, రెండు వేరే రకం. మీ కుర్రాడు మసాలా ప్యాకెట్ ఒక్కటి స్కాన్ చేసి, ఐదు అని కొట్టేశాడు. రేటు ఒకటే కాబట్టి బిల్లు తప్పలేదు. కంప్యూటర్‌కి మాత్రం రెండో రకం అసలు కదల్లేదన్నట్టే. ఇలాగే సాగితే అది ర్యాకులో ఖాళీ అయినా స్టాకు ఉన్నట్టే చూపిస్తుంది, ఆర్డర్ వెళ్లదు. ఆ తర్వాత నువ్వు ఏజెన్సీ వాళ్ల మీద అరుస్తావు.

అందుకని మొదటి పని కౌంటర్ పిల్లలకి ప్రతి ప్యాకెట్టూ స్కాన్ చేయడం అలవాటు చేయడం. రెండోది ఐటమ్ లిస్టు. కంపెనీ సరుక్కి 890తో మొదలయ్యే పదమూడంకెల బార్‌కోడ్ ఉంటుంది, దానితో పేచీ లేదు. మనం స్టిక్కర్ కొట్టేవాటితోనే గొడవంతా. మీ కిలో కందిపప్పుకి మూడు షాపుల్లో మూడు నంబర్లున్నాయి. పప్పు వేసేవాళ్లకి అమ్మకాల లెక్క పంపాలంటే ఏ నంబరు మీద పంపుతావు?

ఆర్డర్లు ఎంత మోసం చేస్తాయో నాకు బెల్లం నేర్పింది. ఒక సంక్రాంతికి సరిగ్గా అరిసెలు వండే రోజుల్లో మా షాపులో బెల్లం అయిపోయింది. మరుసటి ఏడు ఆ భయంతో అరవై దిమ్మల బదులు నూట ఇరవై రాశాను. బెల్లం వేసే ఆయన నా చీటీ చూసి, గిరాకీ పెరిగిందనుకుని, అనకాపల్లిలో అంతకన్నా ఎక్కువ కొనిపెట్టుకున్నాడు. కౌంటర్లో పోయింది అరవై అయిదే. మిగిలింది వానాకాలానికి చెమ్మ పట్టి కారిపోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు గానీ, ఆ పై ఏడాది నిజంగా కావాలన్నప్పుడు సగమే పంపాడు. మన ఆర్డర్‌లో గిరాకీతో పాటు మన భయం కూడా ఉంటుందిరా. ఆయనకి కావాల్సింది రోజూ ఎన్ని దిమ్మలు పోయాయన్న లెక్క, అదే నేనివ్వలేదు. వాల్‌మార్ట్ వాళ్లు 1991లోనే రిటైల్ లింక్ అని పెట్టి, తమ అమ్మకాల లెక్కలు సరఫరాదారులే చూసుకునేలా చేశారు. మనకి అంత అక్కర్లేదు, రాత్రి షాపు కట్టేశాక వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ షీటు పంపితే చాలు.

అందులో ఏ సరుకు ఎన్ని పోయింది, ఎంత మిగిలింది, వచ్చే వారం దేనిమీద ఆఫర్ పెడుతున్నావు, ఇవి ఉండాలి. ఇంకొకటి చాలామంది వదిలేస్తారు. ఆ రోజు సరుకు షాపులో ఉందా లేదా అన్నది. ఉండీ పోకపోవడం వేరు, లేక పోకపోవడం వేరు. షీటులో రెండూ సున్నాగానే కనిపిస్తాయి.

ఏజెన్సీ వాళ్ల నుంచి కూడా అడుగు. బండి బయల్దేరకముందే ఏమేం ఎక్కించారో, ఏవి తగ్గాయో, బ్యాచ్, ఎక్స్‌పైరీ తేదీ, ఎంఆర్‌పీ మారితే ముందుగా కబురు. 2025 సెప్టెంబర్ 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగినప్పుడు గుర్తుందా? రేట్ల ఫైలు ముందే పంపినవాళ్ల సరుకు పొద్దున్నే సాఫీగా బిల్లయింది. మిగతావాటికి ఎంత టెన్షన్ పడ్డావో నాకు ఫోన్లోనే వినిపించింది.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. నూనె వేసే ఒకాయన నమ్మకంగా తన గోడౌన్ స్టాకు చెప్తే, ఎక్కువుందని తెలిసి టిన్నుకి ఇరవై తగ్గించమని పట్టుబట్టాను. తగ్గించాడు. ఆ రోజు నుంచి స్టాకు అడిగితే "చూసి చెప్తానండీ" అనేవాడు తప్ప ఎప్పుడూ చెప్పలేదు. రేటు బేరం సంగతి వేరే రోజు వేరే కూర్చుని మాట్లాడుకో, ఆ షీటు ముందు పెట్టుకుని మాత్రం వద్దు.

ఒకరి రేట్లు ఇంకొకరికి చూపించకు. బిల్లు కోసం జనం ఇచ్చిన ఫోన్ నంబర్లు ఎవరికీ ఇవ్వకు, మెసేజ్‌లు పంపుకుంటామని ఏ కంపెనీ అడిగినా సరే. 2023లో దానికి చట్టం కూడా వచ్చింది.

అందరితో ఒకేసారి మొదలుపెట్టకు. నీతో బాగుండే ఒక్క ఏజెన్సీ, ఇరవై ఐటమ్‌లు, రెండు నెలలు. ఆదివారం పొద్దున బస్సుకి నేనే వస్తున్నాను. షాపు తెరవకముందే పప్పుల ర్యాకు లెక్కపెడదాం. లిస్టు ప్రింటు తీసి ఉంచు, ఫోన్లో చూపిస్తే నాకు కనపడదు.

మీ మామయ్య