మేము, మనం, గీబేలు

అమ్మాయీ,

నీ ఉడుత-తాబేలు బొమ్మల పుస్తకం రాతప్రతి రెండుసార్లు చదివాను. ఒకసారి మనసులో, ఒకసారి మా మనవడికి పైకి. "విడదీయరాని మైత్రీబంధం" దగ్గర వాడు నీళ్లు తాగొస్తానని లేచి వెళ్లాడు. తిరిగి రాలేదు.

ఆ మాట తీసేయి. అసలు "స్నేహం" అనే మాటే ఈ పుస్తకానికి అక్కర్లేదు. పిల్లలు జట్టు కడతారు, కోపమొస్తే కటీఫ్ అంటారు. వాళ్ల లోకంలో అంతే.

నీ చేతిలో ఉన్న మంచి పనిముట్టు ఒకటి నువ్వు వాడనే లేదు. ఇంగ్లీషువాళ్లూ హిందీవాళ్లూ ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట మనకు "మేము", "మనం" రెండున్నాయి. మొదటి పేజీలో ఉడుతలు చెట్టుమీంచి "మేం ఆడుకుంటున్నాం" అంటాయి. కింద తాబేలు ఒక్కటే. ఆ "మేం"తోనే దాన్ని బయట నిలబెట్టేశాయి. నువ్వేమో వెంటనే "తాబేలుకు చాలా బాధ కలిగింది" అని రాశావు. ఎందుకూ? తల డిప్పలోకి పోయినట్టు బొమ్మలో కనబడుతుందిగా! చివర్లో చిన్న ఉడుత దిగొచ్చి "మనం ఆడుకుందామా?" అంటుంది చూడు, అంతవరకూ పుస్తకంలో ఎక్కడా "మనం" రానీయకు. నీ రాతప్రతిలో నాలుగుచోట్ల ముందే వచ్చేసింది. పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను.

ఇక ఆ వెక్కిరింత. "నువ్వు నెమ్మదిగా నడుస్తావు కనుక మాతో ఆడలేవు" అని ఏ పిల్లాడైనా వెక్కిరిస్తాడా? "తాబేలూ వద్దు, గీబేలూ వద్దు!" అనిపించు. మాటలో మొదటి అక్షరం పొట్టిదైతే దాని చోట గి, దీర్ఘమైతే గీ. ఈ లెక్క పిల్లలకు ఎవరూ నేర్పరు, దానంతటదే వచ్చేస్తుంది. మర్నాడు ఇలా మార్చి చదివితే మావాడు "ఉడుత గిడుత" అంటూ తనే అందుకున్నాడు. ఆఖరి పేజీలో చెట్టుమీంచి "ఎవరదీ?" అంటే, "నేనే, గీబేలుని" అని తాబేలే చెప్పాలి.

అచ్చుకాగితం మడతల లెక్క వల్ల బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలకు కుదురుతాయి. అవన్నీ సమానంగా పంచకు. ఉడుత తుర్రుమనడం ఒక్క మూలలో అయిపోవాలి. తాబేలు నడక మాత్రం రెండు పేజీలు సాగనీ, "మెల్లగా... మెల్లమెల్లగా..." అంటూ.

సవరించాక నాకు పంపేముందు ఎవరైనా ఆరేళ్ల పిల్లకు పైకి చదువు. ఎక్కడ నీళ్లకు లేస్తుందో అక్కడ గుర్తు పెట్టుకో.

ఉంటాను.