అత్తమ్మ ముందు కందిపప్పు పళ్ళెం పెట్టండి

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా సింగరాయకొండ దగ్గర పల్లె. నా వయసు 39. మా అత్తమ్మకు 64. ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. పట్టుకుంటే నాలుగడుగులు వేస్తుంది. కుడిచేత్తో అన్నం తనే తింటుంది. మిగతావన్నీ నేనే చేస్తాను. మా ఆయన రొయ్యల చెరువుల మీద కాపలా, రాత్రిళ్ళు ఇంట్లో ఉండరు. ఒకరోజు అత్తమ్మ తువ్వాలు మడత పెడుతుంటే మా ఆడబిడ్డ చూసి, "మంచాన పడ్డ మనిషి చేత కూడా చాకిరీ చేయిస్తున్నావా" అంది. ఆ రోజు నుంచి ఆమెను ఏదీ ముట్టుకోనివ్వడం లేదు. ఇప్పుడు ఎప్పుడు చూసినా గోడవైపు తిరిగి పడుకుంటుంది. కంచంలో సగం అన్నం వదిలేసి చాలంటుంది, కాసేపటికే ఆకలంటుంది. "నన్నెందుకు బతికించారు" అంటుంది. చంకల కింద చేతులు పెట్టి లేపీ లేపీ నా నడుం పోయింది. జాకెట్లు కుట్టేదాన్ని, అదీ మానేశాను. మిషను మీద ఇప్పుడు ఆమె మందులు పెట్టుకుంటున్నా. ఒక్కోసారి విసుక్కుంటాను, తర్వాత కూర్చుని ఏడుస్తాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ వదిలేసిన అన్నం సంగతి చూద్దాం. రేపు ఆమె చాలన్నప్పుడు కంచంలోకి చూడండి. మిగిలిన అన్నం ఎడమవైపే ఉందా? ఉంటే ఏమీ అనకుండా కంచాన్ని మెల్లగా తిప్పి, ఆ సగాన్ని కుడివైపుకు తీసుకురండి. మళ్ళీ కలుపుకుని తింటే, సగం ఎందుకు వదిలేస్తోందో తెలిసినట్టే.

ఎడమవైపు పడిపోయిందంటే దెబ్బతిన్నది మెదడులో కుడి భాగం. అలాంటి వాళ్ళలో కొందరికి ఎడమవైపు ఒకటుందన్న ధ్యాసే ఉండదు. చూపు బాగానే ఉంటుంది, మెదడు మాత్రం ఆ వైపును పట్టించుకోదు. కంచంలో ఎడమ సగం వాళ్ళకు లేనట్టే లెక్క. తల దువ్వుకుంటే కుడివైపే దువ్వుకుంటారు, గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం తగిలించుకుంటారు. ఇది మొండితనం కాదు, వయసు మీద పడి వచ్చిన చాదస్తమూ కాదు. గోడ ఆమెకు కుడివైపున ఉంటే, అటే తిరిగి పడుకోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. మాట్లాడేటప్పుడు ఎడమవైపు నుంచి వెళ్ళి పిలవండి, ఆమె తల ఇటు తిరిగేదాకా ఆగండి. తొందరపడి కుడివైపుకు వెళ్ళకండి. తల తిప్పి వెతుక్కోవడమే ఆమెకు సాధన. ఈ విషయం డాక్టరు గారికీ తప్పకుండా చెప్పండి.

ఇక మీ ఆడబిడ్డ అన్న మాట. తల్లి మీద ప్రేమతోనే అన్నారు. కానీ ఆ మాట వల్ల అత్తమ్మకు పెద్ద నష్టమే జరిగింది. నేను ఆక్యుపేషనల్ థెరపీ చదివి, ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. మన దేశంలో 1950లోనే ముంబైలో కమలా నింబ్కర్ గారు ఈ చదువుకు స్కూలు పెట్టారు. అయినా ఇప్పటికీ మన పల్లెల్లో దీని పేరు తెలిసినవాళ్ళు తక్కువ. మనిషి రోజూ చేసుకునే పనులనే మందుగా వాడటం మా వైద్యం. నలభై ఏళ్ళు ఇల్లు నడిపిన మనిషి చేతిలోంచి తువ్వాలు కూడా లాగేసుకుంటే, ఆమెకు తెల్లారి లేవడానికి పనేముంటుంది? పని చేయించడం వేరు, చేసుకోనివ్వడం వేరు. ఈసారి ఆడబిడ్డ వచ్చినప్పుడు ఈ జవాబు ఆమెకూ చదివి వినిపించండి.

పప్పు ఏరడంతో మొదలుపెట్టండి. ఆమెను చేతుల కుర్చీలో గోడకు ఆనించి కూర్చోబెట్టి, పాదాలు రెండూ నేలకు ఆనేలా చూడండి. తేలిక ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. ముందు బల్ల వేసి పళ్ళెంలో గుప్పెడు కందిపప్పు పోయండి, గుప్పెడే. పళ్ళెం ఎడమ అంచుకు ఎర్రగుడ్డ పీలిక కట్టండి. పడిపోయిన చేతిని మీరే తీసి ఆ అంచు మీద పెట్టండి, పళ్ళెం కదలకుండా దాని బరువే ఆపుతుంది. "ఎర్రగుడ్డ కనపడేదాకా చూసి ఏరు అత్తమ్మా" అనండి. ఎడమ పక్క రాళ్ళు మొదట వదిలేస్తారు. మీరు ఏరేయకండి, "ఇంకా రెండున్నాయి" అని మాత్రం అనండి. పదిహేను నిమిషాలు చాలు. పక్షవాతం తర్వాత అలసట మామూలు అలసటలా ఉండదు, ఒక్కసారిగా ముంచుకొస్తుంది. ముఖం వాడకముందే ఆపేయండి. ఆ పప్పే ఆ పూట వండండి, ఎవరు ఏరారో అన్నం దగ్గర మీ ఆయనకు చెప్పండి.

చేపల పులుసు పెట్టిన రోజు గిన్నె దింపాక, ఒక గరిటె చల్లార్చి ఆమెకు ఇచ్చి ఉప్పు, పులుపు చూసి చెప్పమనండి. తక్కువైందంటే ఆమె చెప్పినట్టే సరిచేయండి. మీకు సరిపోయినట్టే ఉన్నా సరే. పొయ్యి దగ్గరికి మాత్రం ఇప్పుడే వద్దు. ఎడమవైపు ధ్యాస లేక, చేతికి వేడి కూడా తెలియకపోతే కాలిన సంగతే తెలియదు.

బట్టలు కట్టుకోవడంలోనూ ఆమెకు వాటా ఇవ్వండి. జాకెట్టు తొడిగేటప్పుడు పడిపోయిన చేయి ముందు, తీసేటప్పుడు బాగున్న చేయి ముందు. జాకెట్టు ముందువైపు హుక్కుల బదులు అంటుకునే పట్టీ (వెల్‌క్రో) కుట్టండి, మీకు చిటికెలో పని.

చంకల కింద పట్టి లేపడం ఈ రోజు నుంచే మానేయండి. పక్షవాతం వచ్చిన భుజంలో కండరాల పట్టు ఉండదు, లాగితే కీలు జారుతుంది. మీ నడుమూ పోతుంది. నవారు మంచం అయితే కుంగి, లేవడం మరీ కష్టం. మోకాలి ఎత్తులో గట్టి మంచం వేయండి. ఆమెను మంచం అంచుకు జరిపి, పాదాలు కాస్త వెనక్కి పెట్టించి, ముందుకు వంగమనండి, ముక్కు మోకాళ్ళను దాటేంత. అప్పుడు నడుముకు కట్టిన గట్టి గుడ్డ పట్టీని పట్టుకుని, మీ మోకాళ్ళు వంచి, "ఒకటి, రెండు, మూడు" అని ఇద్దరూ కలిసి లేవాలి. ఒకసారి థెరపిస్టు ఎదుట చేసి చూపించుకుంటే మంచిది. ఒంగోలు ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగంలో అడగండి. నెల్లూరులో దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే కాంపోజిట్ రీజనల్ సెంటర్ ఉంది. మీకు రైలు సౌకర్యం కూడా ఉంది కదా, అక్కడా కనుక్కోండి.

ఏడు నెలలైంది, ఇక ఆ చేయి రాదా అని మీ మనసులో ఉండే ఉంటుంది. కదలిక ఎక్కువగా తిరిగొచ్చేది మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే. అది పూర్తిగా వస్తుందని నేను మాటివ్వలేను. కానీ తన పని తాను చేసుకోవడం ఏడాది తర్వాత కూడా మెరుగుపడటం నేను చూశాను.

"ఎందుకు బతికించారు" అన్న మాటను మాత్రం పప్పు పళ్ళెంతో సరిపెట్టకండి. పక్షవాతం వచ్చినవాళ్ళలో దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది, దానికి మందులున్నాయి. ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. "చచ్చిపోవాలనిపిస్తోందా అత్తమ్మా" అని పక్కన కూర్చుని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు. అవునంటే ఒంటరిగా వదలకండి, మందుల డబ్బాలు చేతికందనివ్వకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. 14416కి ఫోన్ చేస్తే, మనసు బాధలకు సలహా ఇచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, ఇరవై నాలుగు గంటలూ, ఉచితంగా. మీరు మీ కోసం కూడా చేయవచ్చు.

విసుక్కుని, తర్వాత కూర్చుని ఏడుస్తానని రాశారు. ఏడు నెలలుగా నిద్ర సరిగా లేని మనిషికి విసుగు రాకుండా ఎలా ఉంటుంది? అత్తమ్మకు పని పోయినట్టే మీకూ పని పోయింది. సేవ మీరు చేస్తున్న పని, నిజమే. కానీ కుట్టు మీ సొంతం, దాని డబ్బు మీది, దాని కోసం మీ గుమ్మం తొక్కేవాళ్ళు మీ మనుషులు. మీ ఆయన పగలు ఇంటికొచ్చి నిద్ర లేచాక ఒక గంట తల్లి దగ్గర కూర్చోవాలి. సాయం అడిగినట్టు అడగకండి, ఆయన వంతు అని చెప్పండి. ఆడబిడ్డ వారానికి ఒక పూట రావాలి. వీలైతే అత్తమ్మ కుర్చీ మీ మిషను దగ్గరే వేయండి, మీరు ఆమెకు ఎడమవైపున ఉండేలా.

మందుల కోసం గోడలో ఎత్తుగా ఒక గూడు చూడండి. మిషను మీంచి వాటిని ఈ సాయంత్రమే తీసేసి, చక్రానికి నూనె వేయండి.