ఆంధ్రదేశంలో బౌద్ధం ఎందుకు పోయింది? నన్నడిగితే చందాల పుస్తకం చూడమంటాను

"శంకరాచార్యులు వాదించి ఓడించడం వల్ల ఆంధ్రదేశంలో బౌద్ధం పోయిందా, లేక రాజులు భిక్షువుల్ని తరిమేశారా?" అని అడిగారు. నా లెక్కలో రెండూ కాదు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణేం కాదు, మా ఊరి రామాలయం కమిటీకి చాలా ఏళ్లు జమాఖర్చులు రాశాను, అంతే. ఆ అనుభవంతో చెప్తున్నా: ఒక మతం ఎందుకు నిలబడిందో, ఎందుకు పడిపోయిందో తెలియాలంటే దాని తత్వం కంటే ముందు దాని దాతలెవరో చూడాలి.

ముందు శంకరుల సంగతి తేల్చేద్దాం. ఆయన శిష్యులతో వచ్చి నాగార్జునకొండలో విహారాల్ని కూలగొట్టించారని అక్కడి జనం చెప్పుకునే కథని తవ్వకాలు జరిపిన లాంగ్‌హర్స్ట్ రాసిపెట్టాడు. అది పట్టుకుని వాట్సాప్‌లో ఒక వర్గం ఛాతీ విరుచుకుంటుంది, ఇంకో వర్గం తిట్టిపోస్తుంది. శంకరులది 8వ శతాబ్దమని ఎక్కువమంది పండితుల మాట. చైనా యాత్రికుడు హుయాన్ త్సాంగ్ అంతకు ముందే, 7వ శతాబ్దంలోనే ధాన్యకటకం, అంటే ఇప్పటి అమరావతి ప్రాంతానికి, వచ్చాడు. విహారాలు చాలా ఉన్నాయి గానీ ఎక్కువ భాగం పాడుబడ్డాయి, ఓ 20 దాకా నడుస్తున్నాయి, భిక్షువులు వెయ్యిమంది ఉంటారు, దేవాలయాలు మాత్రం 100 ఉన్నాయి అని రాసుకున్నాడు. అంటే శంకరులు పుట్టక ముందే సగం పని అయిపోయింది. ఇక ఆయన కూలగొట్టడానికి ఏం మిగిలిందండీ?

మరి ఏం జరిగింది? ఇక్కడ మా గుడి సంగతి చెప్పాలి. మండపం రిపేరుకి చందాలు వసూలు చేస్తున్నాం. చందా ఇవ్వడం దగ్గర ఎవరికీ పేచీ లేదు, పేరు దగ్గరే అంతా. ఫ్యాను ఇచ్చినాయన మూడు రెక్కల మీదా పేరు రాయించుకున్నాడు, తిరిగేటప్పుడు ఎవడికీ కనపడదన్నా వినలేదు. గ్రానైటు పలక మీద ఎవరి పేరు పైన ఉండాలనే టెన్షన్‌తో రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేశాయి. ఆ గొడవలో బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే తాత ఒకాయన వచ్చి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పది రూపాయల నోట్లూ చిల్లరా నా బల్ల మీద పోశాడు. లెక్కపెడితే 500. రాసుకున్నాను. పలక చెక్కించే రోజున కమిటీలో ఒకాయన "ఆ పేరు గుళ్లో పెడితే నలుగురూ నాలుగు మాటలంటారు" అన్నాడు. డబ్బు తీసుకుని పేరు వద్దంటే ఎలాగండీ అని నేను గట్టిగానే అడిగాను, "నువ్వు లెక్కలు చూసుకోవయ్యా" అన్నారు. చివరికి పలక అడుగున "మరియు ఇతర భక్తులు" అని పడింది. ప్రారంభం రోజు తాత వచ్చి, తనకి చదువు రాదు కాబట్టి ఒక బడిపిల్లాణ్ణి పట్టుకుని పలక మొత్తం చదివించుకున్నాడు. పిల్లాడు పైనుంచి కిందకి అన్ని పేర్లూ గట్టిగా చదివాడు. అంతా విని నా దగ్గరకొచ్చి "అయ్యా, రసీదన్నా ఉంటదా?" అన్నాడు. తండ్రి పేరుతో సహా పెద్దక్షరాలతో రాసి ముద్ర వేసి ఇచ్చాను. అదే ప్లాస్టిక్ కవర్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు అమరావతి స్తూపం పలకల మీద ఉన్న ప్రాకృత శాసనాలు చూడండి. అందులో ఒకటి విధికుడనే చర్మకారుడిది. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు విధికుడు తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్లతో, బంధుమిత్రులతో కలిసి ఇచ్చిన పూర్ణఘటం (నిండు కలశం) పలక అని ఉంటుంది. మొదటిసారి దాని అనువాదం చదివినప్పుడు నాకు ఆ తాతే గుర్తొచ్చాడు. తోలు పని చేసే మనిషి పేరు, కొడుకు పేరుతో సహా, దేశంలోకెల్లా గొప్ప స్తూపాల్లో ఒకదాని మీద! ఆయనొక్కడే కాదు, సుగంధ ద్రవ్యాలమ్మేవాళ్లు, గృహపతులు, భిక్షుణులు, మామూలు ఇల్లాళ్లు, అందరి పేర్లూ ఉన్నాయి. ఘంటసాలలో శివకుడనే మహానావికుడి దానం ఉంది. టోలెమీ అనే పాతకాలపు గ్రీకు పండితుడు తన భూగోళ గ్రంథంలో రేవుగా రాసుకున్న ఊరు అది. నాగార్జునకొండకి వెళ్తే ఇంకా చిత్రం. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేశాడు. ఆయన తోబుట్టువు చాంతిశ్రీ మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం, కట్టించింది. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చే ఆచార్యుల కోసం చైత్యగృహం, అంటే బౌద్ధుల పూజామందిరం, కట్టించింది. ఒకే ఇంట్లో మగవాళ్లు యజ్ఞాలు, ఆడవాళ్లు విహారాలు! మన పాఠ్యపుస్తకాల్లో ఆ రాజు యజ్ఞాలకి ఒక పేరా ఉంటుంది, చాంతిశ్రీకి ఒక్క వాక్యం ఉంటే గొప్ప.

అంటే ఆంధ్ర బౌద్ధం నిలబడింది ఓడ సరుకు డబ్బు మీద, చేతిపనివాళ్ల డబ్బు మీద, ఆడవాళ్ల డబ్బు మీద. రోముతో వ్యాపారం సన్నగిల్లింది, 4వ శతాబ్దం మొదట్లో ఇక్ష్వాకులు పోయారు, వాళ్ల రాజధాని విజయపురి పాడుబడింది. తర్వాత వచ్చిన రాజులు అగ్రహారాలకీ గుళ్లకీ భూములిచ్చారు. భిక్షువుల తప్పు కూడా ఉందంటాను నేను. పుట్టుకకి, పెళ్లికి, దినానికి వాళ్లతో పని పడకపోతే ఊరివాడు వాళ్లని ఎంతకాలం గుర్తు పెట్టుకుంటాడు? పురోహితుడితో ఏడాది పొడుగునా పని ఉంటుంది.

అయితే ఒక్కసారిగా పోయిందనుకోకండి. 1182లో కోట వంశపు రెండో కేతరాజు బుద్ధుడికి ఊళ్లూ దీపాలూ ఇచ్చాడు. ఆ శాసనం ఉన్నది ఎక్కడనుకున్నారు? అమరావతిలోనే, అమరేశ్వరస్వామి గుడి స్తంభం మీద. శివుడి గుళ్లో బుద్ధుడికి దానం! ఎవరో ఎవరినో తరిమేశారనే కథలో దీన్ని ఎక్కడ ఇరికిస్తారో వాట్సాప్ పండితులే చెప్పాలి. శ్రీలంకలో గడలాదెనియ దగ్గర 1344 నాటి శాసనం ఒకటి ఉంది, ధర్మకీర్తి అనే స్థవిరుడు (పెద్ద భిక్షువు) ధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని బాగు చేయించాడని. అప్పటికి మన ఊరి గుడి బాగు చేయించడానికి సముద్రం అవతలి నుంచి మనిషి రావాల్సి వచ్చిందన్నమాట.

18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ అధికారి కల్నల్ మెకంజీ వచ్చేసరికి అమరావతి స్తూపం దీపాలదిన్నె అనే మట్టిదిబ్బ. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిని రాజధాని చేసుకోవడంతో ఇళ్లు లేచాయి, కట్టడాలకి రాయి కావాల్సొచ్చి దిబ్బ తవ్వారు. పలకలు కొన్ని చెరువు మెట్లకి పోయాయి, మిగిలినవాటిలో కొన్ని మద్రాసుకీ, కొన్ని లండనుకీ చేరాయి. ఇందులో మతద్వేషం ఏముందండీ, ఊరికే పడి ఉన్న రాయి, ఇల్లు కట్టుకునేవాడికి అక్కరకొచ్చింది. విధికుడి వారసులెవరైనా ఆ ఊళ్లో ఉండి ఉంటే, ఇది మా తాత ఇచ్చిన పలక అని అడ్డుపడేవాళ్లేమో.