ఒకే కారు, ఆరు వేల డాలర్ల పొదుపు, పాడైన గేర్‌బాక్సు

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాం. నేను హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేస్తున్నాను. నా భార్యకు పని అనుమతి లేదు. పాపకు 3 ఏళ్లు. మాకున్నది ఒకటే కారు, 2010 మోడల్ జపాన్ ఆటోమేటిక్ సెడాన్. 1,62,000 మైళ్లు తిరిగింది. నెల రోజులుగా బండి వేడెక్కాక 2 నుంచి 3వ గేరులోకి మారేటప్పుడు ఇంజను అరుస్తోంది తప్ప బండి లాగడం లేదు. ఒక షాపువాళ్లు గేర్‌బాక్సు విప్పి బాగుచేయడానికి 4,200 డాలర్లు అడిగారు. పాత విడిభాగాల యార్డులో ఇదే మోడల్ గేర్‌బాక్సు 850 డాలర్లకు ఉంది. మా నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో లారీ షెడ్డు ఉండేది. చిన్నప్పటి నుంచి పానాలు పట్టుకున్నవాణ్ని. ఫ్రిస్కోలో మిత్రుడి గ్యారేజీలో రెండు వారాంతాల్లో నేనే మార్చుకుందామని ఉంది. బ్యాంకులో 6,000 డాలర్లున్నాయి. అమ్మానాన్నలకు పంపే 500తో కలిపి నెల ఖర్చు 4,000. చివరికి 400 దాకా మిగులుతుంది. 4,200 క్రెడిట్ కార్డు మీద పెట్టమంటారా, సొంతంగా మార్చుకోమంటారా?

జవాబు: మీ పనితనం మీద నాకు అనుమానం లేదు. ఆటోనగర్ షెడ్డులో పెరిగినవారికి గేర్‌బాక్సు దించడం కొత్త సంగతి కాదు. అయినా ఈసారి ఆ పని మీరు చేయవద్దనే చెబుతాను. కార్డు మీద 4,200 పెట్టవద్దని అంతకంటే గట్టిగా చెబుతాను. ఈ రెండింటికీ మధ్య ఇంకో దారి ఉంది. అయితే దానికంటే ముందు, గేర్‌బాక్సు నిజంగా పోయిందో లేదో తేలాలి.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ విషయమే. షాపువాళ్లు ఏ పరీక్ష చేసి 4,200 చెప్పారో మీరు రాయలేదు. మిత్రుడి చిన్న స్కానర్‌లో పి0700 అనే కోడ్ కనిపించి ఉంటే అది రోగం పేరు కాదు. గేర్‌బాక్సు కంప్యూటర్ తన దగ్గర ఏదో లోపం నమోదైందని ఇంజను కంప్యూటర్‌కు పంపిన కబురు మాత్రమే. అసలు లోపం గేర్‌బాక్సు కంప్యూటర్‌లోనే ఉంటుంది. దాన్ని చదవగలిగే స్కానర్ వేరు. వేడెక్కాక మాత్రమే గేరు జారడానికి లోపలి క్లచ్ పలకలు అరిగిపోవడం ఒక కారణం. ఆయిల్ తగ్గిపోవడం ఇంకొకటి. లోపల ఆయిల్ దారిని కరెంటుతో తెరిచి మూసే సొలెనాయిడ్ వాల్వు వేడికి మొరాయించడం మరొకటి. మొదటిదైతే గేర్‌బాక్సు మార్చాల్సిందే. మిగతా రెండూ కొన్ని వందల డాలర్లతో తీరవచ్చు.

మీ చేతుల్లోని విద్య ఇక్కడ అక్కరకొస్తుంది. ఆ కాలపు కార్లలో కొన్నిటికి గేర్‌బాక్సు ఆయిల్ కొలిచే పుల్ల ఉండదు. అలాంటివాటికి ఆయిల్‌ను మాన్యువల్‌లో చెప్పిన వేడికి తెచ్చి, అడుగున ఉన్న బిరడా విప్పి మట్టం చూడాలి. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తోందా, అందులో లోహపు పొడి మెరుస్తోందా చూడండి. అవి కనిపిస్తే లోపల క్లచ్‌లు కాలినట్లే అనుకోవాలి. ఆయిల్ రంగు బాగుండి మట్టం మాత్రమే తగ్గి ఉంటే 4,200 మాట అక్కడితో ఆపి, అది ఎక్కడ కారుతోందో వెతకండి. ఆ తరవాత, గేర్‌బాక్సులు అమ్ముకోవాల్సిన అవసరం లేని ఒక స్వతంత్ర మెకానిక్ దగ్గర 150 నుంచి 200 డాలర్లిచ్చి పూర్తి పరీక్ష చేయించండి. ఇంజను ఆయిల్ తాగుతోందా, సస్పెన్షన్ ఎలా ఉందన్నదీ అప్పుడే చూడమనండి. రేపోమాపో ఇంజనే పోయే బండికి కొత్త గేర్‌బాక్సు పెట్టి లాభం లేదు.

పరీక్షలో గేర్‌బాక్సు పోయిందనే తేలిందనుకుందాం. ఇక లెక్కలోకి వద్దాం.

మీరు 4,200 పక్కన 850 పెట్టి చూస్తున్నారు. ఆ 850కి ఆయిల్, ఇరుసుల సీళ్లు, ఇంజను వెనుక సీలు, అరిగిన మౌంట్లు కలిపితే మరో 230 అవుతుంది. గేర్‌బాక్సును మోసి దించే జాకీ, ఇంజనును పైనుంచి పట్టి ఉంచే అడ్డకడ్డీ, బలమైన స్టాండ్లు, టార్క్ రెంచి కొంటే 450. కొన్ని పనిముట్లను డిపాజిట్ కట్టించుకుని ఉచితంగా ఇచ్చే విడిభాగాల దుకాణాలు ఉన్నాయి కాబట్టి ఈ అంకె కాస్త తగ్గవచ్చు. వీటన్నిటి మీద 8.25 శాతం అమ్మకపు పన్ను వేస్తే 1,650 దాటుతుంది. రెండు వారాంతాలంటే మధ్యలో ఒక పూర్తి వారం బండి ముక్కలుగా పడి ఉంటుంది. ఒక బోల్టు తెగినా, ఒక సీలు తప్పుగా వచ్చినా అది రెండు వారాలవుతుంది. ఆ రెండు వారాలూ ఆఫీసుకు, పాప అవసరాలకు అద్దె కారు కావాలి. వారానికి 300 వేసుకున్నా 600. మొత్తం 2,250.

ఇప్పుడు మూడో దారి చూడండి. పాత గేర్‌బాక్సును తెప్పించి బిగించే స్వతంత్ర షాపులు డాలస్ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. రీబిల్డ్, అంటే పాతదాన్నే విప్పి బాగుచేయడం, అడగకుండా, అదే మోడల్ వాడిన గేర్‌బాక్సు మార్చడానికి ఎంతని మూడు షాపుల్లో అడగండి. నా అంచనా ఇది: గేర్‌బాక్సుకు వాళ్ల లాభం కలిపి 1,100, ఆయిలూ సీళ్లూ 150, గంటకు 130 చొప్పున 9 గంటల కూలీ 1,170. మొత్తం 2,420. నాలుగు రోజుల అద్దె కారుకు మరో 200 వేస్తే 2,620. మీ సొంత పనికీ దీనికీ తేడా 370 డాలర్లు. పనిముట్లు మీకే మిగులుతాయి కాబట్టి వాటి 450 కూడా లాభంలో వేస్తే 820. మీరు కనీసం 32 గంటలు పనిచేస్తారు. గంటకు 25 డాలర్లు గిట్టుబాటవుతుంది. అది తక్కువ అనను. అన్నీ సవ్యంగా జరిగితేనే అది వస్తుందన్నది నా అభ్యంతరం.

ఆటోనగర్‌లో మీ నాన్నగారికి ఉన్న బలం ఒక్క చేతి పనితనమే కాదు. చైన్ కప్పీ ఉండేది. కింద పట్టుకోవడానికి ఇద్దరు కుర్రాళ్లు ఉండేవారు. బోల్టు తెగితే పక్క లేతు షాపులో తీయించేవారు. సీలు సరిపోకపోతే నాలుగడుగులు వేస్తే ఇంకోటి దొరికేది. ఫ్రిస్కో గ్యారేజీలో ఆదివారం సాయంత్రం తెగిన బోల్టుతో మీరొక్కరే ఉంటారు. పైగా లారీ గేర్‌బాక్సు చేత్తో మార్చే రకం. ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్ మీ ఆటోమేటిక్‌లో ఉంటుంది, అందులో ఉండదు.

ఇళ్లలో చేసే పని చాలాసార్లు చెడేది ఆ కన్వర్టర్ దగ్గరే. గేర్‌బాక్సు ముందు గుమ్మడికాయలా ఉండే ఆ భాగం లోపలి పంపు గాడుల్లో పూర్తిగా కూర్చోవాలి. తిప్పుతూ నెడితే అంచెలంచెలుగా లోపలికి దిగుతుంది. చివరి అంచె మిగిలిపోతే పైకి తెలియదు. గేర్‌బాక్సును ఇంజనుకు ఆనించినప్పుడు సందు మిగులుతుంది. ఆ సందును బోల్టులు బిగించి మూయబోతే పంపు పగిలిపోతుంది. నా దగ్గరికి బడ్జెట్ సలహా కోసం వచ్చిన ఒక కుటుంబానికి ఇదే జరిగింది. బిగింపులో తప్పు జరిగిందని యార్డువాళ్లు వారంటీ ఇవ్వలేదు. వాళ్లు రెండో గేర్‌బాక్సు కొన్నారు, చివరికి షాపుకూ డబ్బిచ్చారు. ఇంట్లో సాగించుకుందామనుకున్న పని షాపు ధరను దాటిపోయింది. సాధారణంగా యార్డు వారంటీ వస్తువుకే ఉంటుంది, కూలీకి ఉండదు. ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ గొట్టాలను కడగకపోతే పాత గేర్‌బాక్సు వదిలిన లోహపు పొడి కొత్తదాన్ని కూడా తినేస్తుంది. రెండో కారు ఉన్న కుటుంబం ఇలాంటి ఎదురుదెబ్బ తట్టుకుంటుంది. మీరు తట్టుకోవడం కష్టం.

ఇంకొక మాట రాయకుండా ఉండలేను. ముందు చక్రాలతో నడిచే కారు గేర్‌బాక్సు 70 నుంచి 90 కిలోల బరువుంటుంది. దాని కింద వెల్లకిలా పడుకుని చేసే పని ఇది. మీ ఇంట్లో సంపాదించేది మీరొక్కరే. వేలు నలిగినా, భుజం పట్టేసినా ఆరోగ్య బీమాలో డిడక్టిబుల్ (బీమా ఇవ్వడం మొదలయ్యే ముందు మనమే భరించాల్సిన మొత్తం) మేరకు ముందు మీ జేబు నుంచే పోతుంది. మీ వీసాకు మీ ఉద్యోగమే ఆధారం. 800 డాలర్ల కోసం ఇంత బరువును మీ మీదికి తెచ్చుకోవద్దు.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది రెండో ప్రశ్న. కార్డు వడ్డీ ఏడాదికి 24 శాతం అనుకుందాం. 4,200 పెట్టి నెలకు 150 కడుతూ పోతే అప్పు తీరడానికి 42 నెలలు పడుతుంది, వడ్డీయే 2,000 దాటుతుంది. బండి ఈలోగా తుక్కుకు పోయినా వాయిదాలు ఆగవు. కాబట్టి షాపు బిల్లు మీ పొదుపులోంచే కట్టండి. 6,000 తగ్గి 3,400 దగ్గర ఆగుతుందని భయం వేస్తుంది, నిజమే. హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికో, దేశం విడవడానికో సాధారణంగా 60 రోజుల గడువే ఉంటుంది. ఆ రెండు నెలల ఖర్చుకు 8,000, మూడు విమాన టికెట్లు కలిపి మీకు ఉండాల్సిన నిల్వ పది వేల పైమాటే. ఇప్పటికే తక్కువగా ఉన్న నిల్వను ఇంకా తగ్గించమంటున్నానంటే కారణం ఉంది. బ్యాంకులోని డబ్బు మీకు తెచ్చే వడ్డీ కార్డు లాగేసే వడ్డీ ముందు చాలా తక్కువ. కార్డును ఖాళీగా ఉంచితే నిజమైన ఆపదలో కొన్ని రోజులు అదే ఆదుకుంటుంది. పొదుపు ముట్టడానికి మనసొప్పకపోతే ఫెడరల్ క్రెడిట్ యూనియన్‌లో, అంటే సభ్యులే యజమానులైన సహకార బ్యాంకులాంటి చోట, చిన్న రుణం అడగండి. అక్కడ మామూలు రుణాల వడ్డీకి 18 శాతం పరిమితి ఉంది. పదవీ విరమణ కోసం దాచే 401(కె) ఖాతా జోలికి మాత్రం వెళ్లవద్దు. ముందుగా తీస్తే పన్నుతో పాటు 10 శాతం జరిమానా కూడా పడుతుంది.

ఫ్రిస్కో మిత్రుణ్ని గ్యారేజీ అడగబోతున్నారు కదా, బదులుగా నాలుగు రోజులు ఆయన రెండో కారు అడగండి. అద్దె 200 మిగులుతుంది. అయితే ఆయన బీమా పాలసీలో పేర్లున్నవారికే వర్తించే రకమేమో ముందే కనుక్కోండి. టెక్సాస్‌లో అలాంటి పాలసీలున్నాయి. అలాంటిదైతే ఆ బండి ఎక్కవద్దు.

ఇంత డబ్బు పాత బండికి దండగ కాదా అని మీ భార్య అడగవచ్చు. బండి ధర 5,000 కూడా లేనప్పుడు అది న్యాయమైన ప్రశ్నే. ధరతో కాకుండా దాని బదులు కొనబోయే బండి నెల ఖర్చుతో పోల్చి చెప్పండి. 12,000 డాలర్ల బండి కొని, 10,000 అప్పు 11 శాతం వడ్డీకి 48 నెలలకు తీసుకుంటే నెల వాయిదా 258. టెక్సాస్ వాహన పన్ను 6.25 శాతం, అంటే 750 ముందే కట్టాలి. అప్పిచ్చినవాళ్లు పూర్తి బీమా చేయించమంటారు, దానికి ఇంకొంత. మీ 2,620 ఖర్చు ఆ వాయిదాతో సరితూగాలంటే బాగుచేసిన బండి పది నెలల పైన నడిస్తే చాలు. ఇంజను బాగుందని మెకానిక్ చెప్పిన బండి అంతకాలం నడవడం పెద్ద ఆశేమీ కాదు. ఇంజను కూడా అంతంతమాత్రమని పరీక్షలో తేలితే మాత్రం నా సలహా మారుతుంది. అప్పుడు ఒక్క డాలరూ పెట్టకుండా ఉన్నది ఉన్నట్లు అమ్మేయండి.

షాపుతో మాట్లాడేటప్పుడు మూడు సంగతులు బిల్లు మీద రాయించుకోండి. వారంటీ ఎన్ని నెలలు, అందులో కూలీ కలిసి ఉందా? కూలర్ గొట్టాలు కడుగుతారా లేక కొత్త కూలర్ వేస్తారా? కంప్యూటర్‌కు కొత్త గేర్‌బాక్సును అలవాటు చేసే ప్రక్రియ ధరలో ఉందా? గేర్‌బాక్సు మీరే కొని తెస్తే చాలా షాపులు దాని పూచీ తీసుకోవు. ఆ 250 డాలర్ల లాభం వాళ్లకు వదిలేయడమే మేలు. రేపు చెడితే ఒక్కరినే అడగవచ్చు.

టెక్సాస్‌లో 2025 నుంచి మామూలు కార్లకు భద్రతా తనిఖీ లేదు, కానీ డాలస్ కౌంటీలో పొగ పరీక్ష ఉంది. ఇంజను దీపం వెలుగుతుంటే అందులో తప్పుతారు. గేర్‌బాక్సు మార్చేటప్పుడు బ్యాటరీ తీస్తారు కాబట్టి కంప్యూటర్ జ్ఞాపకం చెరిగిపోతుంది. కొన్ని రోజులు ఊళ్లోనూ హైవే మీదా నడిపాకే పరీక్షకు వెళ్లండి. రిజిస్ట్రేషన్ గడువు దగ్గరలో ఉంటే ఆ తేదీ చూసుకుని షాపులో రోజు తీసుకోండి.

బండి బయటికి వచ్చిన నెల నుంచి మీకు మిగిలే 400లో 250 అత్యవసర నిధికి, 150 విడిగా బండి ఖాతాకు వేయండి. అమ్మానాన్నల 500 ఆపమని నేను చెప్పను. అయితే ఈ నాలుగైదు నెలలు 350 పంపితే సరిపోతుందేమో నాన్నగారినే అడగండి. పాడైన గేర్‌బాక్సు ఎంత ఖర్చు పెట్టిస్తుందో షెడ్డు నడిపిన మనిషికి తెలియనిది కాదు. రెండో కారు వచ్చిన రోజున మాత్రం మీ సెలవు రోజుల్లో ఫ్రిస్కో గ్యారేజీకి వెళ్లి ఏ గేర్‌బాక్సైనా దించండి, నేను అడ్డు చెప్పను.

ఈ శనివారం ఆయిల్ మట్టం, రంగు చూడండి. వచ్చే వారం పరీక్ష చేయించి, గేర్‌బాక్సు కంప్యూటర్‌లో వచ్చిన కోడ్‌లు, మూడు షాపుల కొటేషన్లు నాకు రాయండి. అప్పటిదాకా హైవే ఎక్కకుండా, బండిని వేడెక్కనీయకుండా దగ్గరి దూరాలకే వాడండి.