గోల్డ్‌ఫిష్ ఒంటి మీద తెల్లటి గడ్డ, ఎర్రటి పుండు: రెండూ ఒకే జబ్బా?

మీ ఒరాండా రకం గోల్డ్‌ఫిష్‌కు తోక మొదట్లో తెల్లటి నున్నని గడ్డ ఒకటి, పొట్ట పక్కన ఎర్రటి పుండు ఒకటి వచ్చాయనీ, దుకాణంలో ఇచ్చిన నీలం మందును వారం రోజులుగా పోస్తున్నా పుండు పెద్దదవుతూనే ఉందనీ, ఈ రెండూ ఒకే జబ్బేనా అనీ అడిగారు. మీరు వర్ణించిన తీరును బట్టి అవి వేర్వేరు సంగతులే అయి ఉండాలి. గడ్డ గురించి తొందరేమీ లేదు కానీ, పుండు విషయంలో మాత్రం ఈ రోజే పని మొదలుపెట్టాలి. ఆ పని నీలం మందు ఆపడంతో మొదలవుతుంది. నేను పశువైద్యుణ్ణి కాను. తిరుపతిలో తొమ్మిదేళ్ళుగా గోల్డ్‌ఫిష్ పెంచుతూ, చేయదగిన పొరపాట్లలో చాలావరకు చేసినవాణ్ణి.

వాటిలో మొదటిది మీ పరిస్థితికి దగ్గరగా ఉంది కనుక చెబుతాను. ఒక ఏడాది సంక్రాంతి దాటాక నా చేపల్లో రెండింటికి మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచు వెంబడి ఉప్పు రవ్వల వంటి తెల్ల చుక్కలు వరుసగా కనిపించాయి. తెల్ల చుక్కల వ్యాధి, అంటే ఇక్ వచ్చిందని భయపడి నేను కూడా ఆ నీలం మందునే, అంటే మిథిలీన్ బ్లూనే, తొట్టిలో పోశాను. అవి మగ చేపలకు జత కట్టే కాలంలో వచ్చే మామూలు బుడిపెలని నాకు అప్పటికి తెలియదు. ఇక్ అయితే చుక్కలు తోక, రెక్కలు, ఒళ్ళు అనే తేడా లేకుండా చెదురుమదురుగా ఉంటాయి, చేపలు అడుగున ఉన్న రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటాయి. లేని జబ్బుకు పోసిన ఆ మందు, ఫిల్టర్ స్పాంజిలో ఉండి చేపల వ్యర్థాన్ని శుద్ధి చేసే మంచి బ్యాక్టీరియాను చంపింది. దాంతో నీటిలో అమ్మోనియా పెరిగింది, పది రోజులు తిరగకుండానే నిజమైన పుండు ఒకటి లేచింది, చివరికి ఒక చేప పోయింది. మీ తొట్టిలో కూడా ఇదే వరుసలో జరుగుతోందేమోనని నా అనుమానం.

కాబట్టి చేపను పట్టుకునే ముందు నీటిని పరీక్షించండి. చుక్కల మందు వేసి రంగు చూసే పరీక్ష కిట్లు అక్వేరియం దుకాణాల్లో దొరుకుతాయి. అమ్మోనియా, దాని నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. ఏ కాస్త కనిపించినా, తగ్గేవరకు రోజూ మూడో వంతు నీరు మార్చాలి. మన ఊరికి కళ్యాణి డ్యామ్ నుంచీ తెలుగుగంగ నుంచీ వచ్చే కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక, సోడియం థయోసల్ఫేట్ ఉన్న క్లోరిన్ విరుగుడు మందు కలిపాకే ఆ నీటిని తొట్టిలో పోయాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి పిండి కడిగే అలవాటు మనలో చాలామందికి ఉంది. అదీ ఆ బ్యాక్టీరియాను చంపడమే. తొట్టిలోంచి తీసిన నీటిలో రెండుసార్లు ముంచి పిండితే చాలు. ఇక ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలిగితే, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటే మన ఊళ్ళో, చల్లని నీటి చేప అయిన గోల్డ్‌ఫిష్‌కు గాలి పంపు రాత్రింబగళ్ళు నడవాల్సిందే.

తరువాత చేపను తెల్లటి టబ్బులోకి మార్చి, మంచి వెలుతురులో పుండును నిదానంగా చూడండి. పుండు మధ్య నుంచి దారప్పోగు వంటిది వేలాడుతూ, దాని కొసన రెండు చిన్న సంచులు కనిపిస్తే అది లెర్నియా, మన చేపల రైతులు యాంకర్ వర్మ్ అనే పురుగు. పొలుసుల మీద చదునైన, పారదర్శకమైన చిన్న బిళ్ళలా అంటుకుని, తాకితే కదిలేది చేప పేను, అంటే ఆర్గులస్. ఈ రెండూ చర్మానికి చిల్లు పెడతాయి, ఆ చిల్లులోంచి బ్యాక్టీరియా దిగుతుంది. లెర్నియాను పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, తల తెగకుండా మెల్లగా లాగాలి. అయితే కంటికి కనిపించని పిల్ల పురుగులు నీటిలో మిగిలే ఉంటాయి కనుక, ఒక్కసారి తీసి ఊరుకుంటే మళ్ళీ వస్తాయి. వాటికి తగిన మందును విరామం ఇస్తూ కొన్ని వారాలు వేయాలి.

పురుగేమీ లేకుండా మధ్యలో పచ్చి ఎరుపు, చుట్టూ తెల్లని అంచు, పొలుసులు రాలిన గుంట ఉంటే అది ఏరోమోనాస్ జాతి బ్యాక్టీరియా వల్ల వచ్చే పుండు కావడానికే అవకాశం ఎక్కువ. ఇది తరచుగా చెడిన నీరు, ఇరుకు, దెబ్బలు చేపను బలహీనపరిచిన తరువాతే లోపలికి వస్తుంది. నేను చేసేదేమిటంటే, 40 లీటర్ల టబ్బులో చేపను విడిగా ఉంచి, లీటరుకు 3 గ్రాముల లెక్కన 120 గ్రాముల కల్లుప్పును ఒకేసారి కాకుండా 12 గంటలకు 40 గ్రాముల చొప్పున మూడు విడతలుగా, ముందే కరిగించి పోస్తాను. నీరు మార్చినప్పుడు మార్చిన నీటికి సరిపడా ఉప్పు మాత్రమే కలపాలి, ఆవిరైన నీటికి బదులు పోసేదానికి ఉప్పు అక్కరలేదు, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. అసలు తొట్టిలో జియోలైట్ రాళ్ళు వాడుతుంటే అందులో ఉప్పు వేయకండి. అవి పట్టి ఉంచిన అమ్మోనియాను ఉప్పు తిరిగి నీటిలోకి విడిపిస్తుంది. రోజుకొకసారి చేపను తడి గుడ్డలో పట్టుకుని, దూదితో పుండును అద్ది, గాయాలకు రాసే పోవిడోన్ అయోడిన్ మందు ఒక్క చుక్క రాసి, అది మొప్పలకు గానీ కంటికి గానీ తగలకుండా చూసుకుంటూ నిమిషంలోపే నీటిలోకి వదులుతాను.

మందుల షాపులో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ గొట్టం మాత్రలు కొని విప్పి నీటిలో కలిపేవాళ్ళు ఉన్నారు, ఒకప్పుడు నేనూ కలిపాను. చిత్తూరు వైపు బోరు నీళ్ళు ఎంత గట్టివో మన ఇళ్ళలో గిన్నెల అడుగున పేరుకునే తెల్లటి పొరే చెబుతుంది. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం టెట్రాసైక్లిన్‌ను పట్టేసుకుంటాయి కనుక నీరు పసుపు రంగుకు తిరుగుతుందే తప్ప చేపకు చేరేది కొంచెమే. ఎరిత్రోమైసిన్ ప్రధానంగా వేరే తరగతి బ్యాక్టీరియా మీద పనిచేసే మందు, ఏరోమోనాస్‌కు సరిపోదు. యాంటీబయోటిక్ నిజంగా అవసరమైతే పశువైద్యుడు చెప్పిన దానిని మేతలో కలిపి గానీ సూది ద్వారా గానీ ఇవ్వడమే దారి.

పుండు మీద దూది వంటిది పేరుకుంటే మాత్రం జాగ్రత్తగా తేల్చుకోవాలి. పొడవాటి పోగులతో మెత్తగా ఊగేది సాధారణంగా సాప్రోలెగ్నియా అనే బూజు, ఇది గాయం తరువాత వచ్చేదే. నోటి దగ్గర, వీపు మీద పలచగా, బూడిద తెలుపులో పాకుతూ ఒకటి రెండు రోజుల్లోనే ముదిరేది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు. వేడి నీటిలో ఇది మరింత వేగంగా పెరుగుతుంది, అందుచేత ఏ జబ్బుకైనా హీటర్ పెట్టమనే సలహాను ఇక్కడ పాటిస్తే చేప దక్కదు.

ఇక గడ్డ. కొవ్వొత్తి కరిగి చుక్కలు పడినట్టు నున్నగా, తెల్లగా లేదా లేత గులాబీ రంగులో ఉంటే అది కార్ప్ పాక్స్ కావచ్చు. ఇది హెర్పిస్ జాతి వైరస్ వల్ల కార్ప్ కుటుంబపు చేపలకు వస్తుంది, దీనికి మందు లేదు, చాలావరకు ప్రాణానికి ముప్పూ లేదు. నా చేపల్లో ఒకదానికి డిసెంబరులో తోక మీద మూడు చోట్ల లేచిన ఇలాంటివి, నీరు వెచ్చబడ్డాక మార్చి చివరికి వాటంతటవే పోయాయి. తరువాతి చలికాలంలో ఒకటి మళ్ళీ వచ్చింది. ఏ కాలంలోనూ తగ్గకుండా నెలల తరబడి మెల్లగా పెరిగే గట్టి కంతి అయితే అది కణితి కావచ్చు, గోల్డ్‌ఫిష్‌లకు ఇవి అరుదేమీ కాదు. మా నల్ల మూర్ చేపకు పక్కన చిక్కుడు గింజంత కంతి వచ్చినప్పుడు, తెలిసిన పశువైద్యుడు మత్తిచ్చి కోయవచ్చు కానీ మళ్ళీ పెరగవచ్చని చెప్పి, చేప తింటూ ఈదుతూ ఉంటే వదిలేయమన్నారు. దానితోనే అది మరో రెండేళ్ళు బతికింది. అన్నట్టు, మీది ఒరాండా కనుక దాని తల మీద పెరిగే బొడిపెల టోపీ జబ్బు కాదు, దాన్ని గిల్లే ప్రయత్నం చేయకండి.

ఉప్పు, శుభ్రమైన నీరు ఇచ్చిన వారంలోగా పుండు అంచులు దగ్గరపడకపోయినా, పొలుసులు నిక్కబొడుచుకుని పొట్ట ఉబ్బినా ఆలస్యం చేయకుండా పశువైద్యుని దగ్గరకు వెళ్ళండి. తిరుపతిలోనే పశువైద్య కళాశాల ఉంది. అక్కడికి తొట్టి నీటిని కూడా సీసాలో విడిగా తీసుకెళ్ళండి. చేతి మీద కోతలుంటే తొడుగు లేకుండా తొట్టిలో చేయి పెట్టవద్దు. పుండ్లున్న చేపల నుంచి మైకోబ్యాక్టీరియం మారినమ్ అనే క్రిమి మనిషి చర్మానికీ పాకి, నెలల తరబడి మానని గడ్డలు తెప్పించగలదు. ఇకపై చెన్నై కొళత్తూరు నుంచి తెచ్చినా, మన ఊరి దుకాణంలో కొన్నా, కొత్త చేపను నాలుగు వారాలు వేరే టబ్బులో ఉంచాకే పాతవాటితో కలపండి.

మీ తొట్టి ఎన్ని లీటర్లది, అందులో ఎన్ని చేపలున్నాయి, అమ్మోనియా ఎంత చూపిస్తోంది అన్న మూడు సంగతులూ, పగటి వెలుగులో తీసిన పుండు ఫోటో ఒకటీ పెడితే నీరు ఎంత మార్చాలో, ఉప్పు ఎంత కలపాలో లెక్క వేసి చెబుతాను.