క్రీముకు భయపడి కర్పూరం రాస్తున్నారా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా బాబుకి నాలుగేళ్ళు. దోమ కుడితే ఇంట్లో అందరికీ చిన్న దద్దు వచ్చి గంటలో పోతుంది, వీడికి మాత్రం రూపాయి బిళ్ళంత ఉబ్బి, మధ్యలో నీటిపొక్కు లేచి, పది రోజులైనా తగ్గదు. కొత్తగా ఒకటి కుడితే పాతవన్నీ మళ్ళీ దురద మొదలెడతాయి. మా అత్తయ్య గారు రక్తం చెడిందని వంకాయ, గోంగూర, గుడ్డు మాన్పించి, రోజూ కొబ్బరినూనెలో కర్పూరం వేసి ఒళ్ళంతా రాస్తున్నారు. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే రెండ్రోజుల్లో మాయమవుతాయి, మానేస్తే మళ్ళీ మామూలే. దోమల క్రీము కొందామంటే కెమికల్ అని మావారు వద్దంటున్నారు. రాత్రిళ్ళు కాయిల్ వెలిగించి తలుపులు వేసుకుని పడుకుంటున్నాం. చాలా టెన్షన్‌గా ఉంది. — ఒక తల్లి, భీమవరం

జవాబు: అమ్మా, ముందు ఈ రోజే బాబుకి గుడ్డు పెట్టండి, వంకాయ కూర కూడా పెట్టండి. వాడి రక్తానికి ఏమీ కాలేదు. ఆడదోమ గుచ్చేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా కాస్త లాలాజలం లోపలికి వదులుతుంది, అందులోని ప్రొటీన్లు కొందరు పిల్లల ఒంటికి అస్సలు పడవు. ఒళ్ళు హిస్టమిన్ వదులుతుంది, దానివల్లే దద్దు, దురద. పాత కాట్లు మళ్ళీ లేవడం కూడా ఇందులో భాగమే. రెండేళ్ళ నుంచి పదేళ్ళ లోపు పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, కుట్టగా కుట్టగా ఒళ్ళు అలవాటుపడి చాలామందిలో దానంతటదే సద్దుమణుగుతుంది. అప్పటిదాకా గోకనివ్వకుండా చూసుకోవడమే మన పని, మచ్చలు పడేది గోకడం వల్లే.

కుట్టిన వెంటనే సబ్బుతో కడిగి, తడిగుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టండి. తర్వాత కాలమైన్ లోషన్, అదే ఆ గులాబీ రంగు మందు, రోజుకి మూడు నాలుగుసార్లు. రాత్రి నిద్ర పట్టనంత దురదైతే సెట్రిజిన్ సిరప్ ఉంది, మోతాదు మాత్రం వయసు, బరువు చూసి మీ డాక్టరు చెప్పినంతే. గోళ్ళు వారానికి రెండుసార్లు కత్తిరించండి. బాగా ఉబ్బిన వాటి మీద ఒక శాతం హైడ్రోకార్టిసోన్ పల్చగా రోజుకి రెండుసార్లు, వారం దాటకుండా, చర్మం చిట్లిన చోట వద్దు. ఇది కూడా డాక్టరుకి చూపించాకే.

ఇప్పుడు మీరు వాడుతున్న ట్యూబు తీసి చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటాసాల్, బీటామెథాసోన్ లాంటి పేరుంటే అది ఘాటైన స్టెరాయిడ్. వాటిలో చాలావరకు ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కూడా కలిపేసి ఉంటారు. దురద రెండ్రోజుల్లో మాయమవడం ఆ స్టెరాయిడ్ వల్లే. నెలల తరబడి రాస్తే పిల్లల లేత చర్మం పల్చబడి చారలు పడతాయి, పొరపాటున అది తామర అయితే అణిగినట్టే కనిపించి ఒళ్ళంతా పాకుతుంది. చీటీ లేకుండా ఇలాంటి ట్యూబు చేతిలో పెట్టేవాళ్ళని చూస్తే నాకు బాధ, కోపం రెండూ వస్తాయి. వాడకం ఎలా ఆపాలో చర్మ డాక్టరుని అడిగి ఆపండి.

అత్తయ్య గారికి నా మాటగా చెప్పండి, ఆవిడ ప్రేమతోనే చేస్తున్నారు, కానీ కర్పూరం నూనె ఈ ఇంట్లో ఉన్న అన్నిటికన్నా ప్రమాదం. కర్పూరం చర్మం గుండా, పీల్చే గాలి గుండా ఒంట్లోకి వెళ్తుంది, గోకి పచ్చిగా ఉన్న చర్మం గుండా ఇంకా ఎక్కువ వెళ్తుంది, పసిపిల్లలకి ఫిట్స్ తెప్పిస్తుంది. పిల్లవాడు ఆ గిన్నె ఎత్తి తాగితే ఒక గ్రాము కర్పూరం చాలు ప్రాణం మీదికి రావడానికి. వట్టి కొబ్బరినూనె రాస్తే ఏ భయమూ లేదు. వేపనూనె కూడా పిల్లల నోట్లో పోకుండా చూడండి, మెదడుకి దెబ్బ.

మీవారి భయం సంగతికి వస్తే, కెమికల్ కాని వస్తువు ఏదీ లేదు, కర్పూరమూ కెమికలే. మనం చూడాల్సింది ఎంత రాస్తున్నాం, ఎక్కడ రాస్తున్నాం, ఎన్నేళ్ళుగా జనం వాడి చూశారు అని. దోమల్ని దగ్గరికి రానివ్వని డీట్ అనే మందు 1946లో అమెరికా సైన్యం కోసం తయారైంది, 1957 నుంచి మామూలు జనం వాడుతున్నారు. రెండు నెలలు దాటిన పిల్లలకి 30 శాతం వరకు వాడొచ్చని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. ఇబ్బంది పడిన కేసుల్లో ఎక్కువ మంది దాన్ని మింగినవాళ్ళు, లేదా మితిమీరి పూసుకున్నవాళ్ళు. శాతం పెరిగితే బలం పెరగదు, పనిచేసే సమయం పెరుగుతుంది: పది శాతమైతే సుమారు రెండు గంటలు, ముప్ఫై అయితే ఐదు గంటలు. మన షాపుల్లో జనం ఏ కంపెనీదైనా ఓడోమాస్ అనే అడిగే క్రీముల్లో ఎక్కువగా ఉండేది డైఇథైల్ బెంజమైడ్, 12 శాతం. ఇకారిడిన్ అనే మరో దోమల మందు ఉన్నవీ మంచివే. హెర్బల్ అని రాసినంత మాత్రాన నిశ్చింత వద్దు, నిమ్మగడ్డి నూనె కాసేపే పనిచేస్తుంది, కొందరికి అదే దద్దు తెస్తుంది.

రాసే పద్ధతి మీద శ్రద్ధ పెట్టండి. మొదటిసారి మోచేతి మడత లోపల చుక్క రాసి ఒక రోజు చూడండి. మీ అరచేతిలో వేసుకుని వాడికి రాయండి, వాడి చేతులకి మాత్రం రాయొద్దు, నోట్లో పెట్టుకుంటాడు. కళ్ళ దగ్గర, గోకిన పుండ్ల మీద, బట్టల కింద వద్దు. ఇంటికొచ్చాక సబ్బుతో కడిగేయండి. డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి బడికి వెళ్ళేటప్పుడే రాయాలి, చాలామంది రాత్రికే రాస్తారు.

కాయిల్ మాత్రం ఇవాళే ఆపేయండి. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లకి సమానమని 2003లో వచ్చిన పరిశోధన లెక్కగట్టింది, మీరు దాన్ని తలుపులు మూసిన గదిలో వెలిగిస్తున్నారు. లిక్విడ్ మెషిన్ దానికన్నా నయం, కానీ కిటికీ తెరిచి, మంచం తలవైపు కాకుండా దూరంగా పెట్టండి, దగ్గు వస్తే తీసేయండి. ప్యాకెట్ మీద రిజిస్ట్రేషన్ నంబరు లేని దోమల అగరబత్తీలు ముట్టుకోవద్దు. దోమతెర ఉంటే ఇవేవీ అక్కర్లేదు.

కాటు చుట్టూ ఎర్రదనం పాకుతున్నా, చీము, జ్వరం ఉన్నా ఆలస్యం చేయకండి. పెదాలు వాచి ఊపిరి అందకపోతే వెంటనే ఆసుపత్రికి.

ప్రశ్న: హైదరాబాద్ హాస్టల్లో ఉంటాను. పొద్దున లేచేసరికి మెడ మీద గీత గీసినట్టు ఎర్రగా కాలి, పొక్కులు వచ్చాయి. ఊళ్ళో సర్పి అంటున్నారు, ఎర్రమట్టి పూయమంటున్నారు. — విద్యార్థి

జవాబు: సర్పి కూడా ఇలాగే ఉంటుంది, కాబట్టి ఒకసారి చూపించుకో బాబూ. కానీ వానాకాలంలో ట్యూబ్‌లైటు కింద పడుకునే హాస్టల్ పిల్లల్లో నేను ఎక్కువగా చూసేది వేరు. చీమలా సన్నగా, నలుపు నారింజ పట్టీలతో ఒక పురుగు ఉంటుంది. అది కుట్టదు. మెడ మీద పాకుతుంటే నిద్రలో నలిపేస్తాం, దాని ఒంట్లోని పెడెరిన్ అనే విషం చర్మాన్ని కాలుస్తుంది, మంట మర్నాటికి గానీ తెలియదు. నలిపిన వేలితో కన్ను తుడుచుకుంటే కన్ను వాస్తుంది. ఇకమీదట కనిపిస్తే ఊదేయి, వెంటనే సబ్బునీళ్ళతో కడుగు. మట్టి పూస్తే పుండు చెడుతుంది, పూయకు. పడుకునే ముందు లైటు తీసేసి దుప్పటి దులుపుకో.

ప్రశ్న: శబ్దంతో దోమల్ని తరిమే మెషిన్ పనిచేస్తుందా?

జవాబు: పనిచేయదు. ఆ డబ్బుతో దోమతెర కొనండి.

ప్రశ్న: మా పాపకి నలభై రోజులు. ఏ క్రీము రాయాలి? — ఖమ్మం

జవాబు: రెండు నెలలు నిండేదాకా ఏదీ రాయొద్దమ్మా. చేతులు, కాళ్ళు కప్పే పల్చటి నూలు బట్టలు వేయండి, పగలు ఉయ్యాలకి కూడా తెర కట్టండి. రాత్రి మంచం మీద తెర అంచులు పరుపు కింద దోపాక, టార్చి వేసి నాలుగు మూలలూ ఒకసారి చూడండి, ఒక్క దోమ లోపల ఉండిపోయినా తెల్లారేదాకా అది పాపనే కుడుతుంది.