రాసి లేని రాజ్యాంగం కోసం రాసిన కరపత్రాలు

ప్రశ్న: ఫ్రెంచి విప్లవం రోజుల్లో ఇంగ్లండ్‌లో రాజు పక్షాన కరపత్రాలు రాసినవాళ్లు "మన చట్టం, మన రాజ్యాంగం" అని పదేపదే అనేవారట. అక్కడ రాసిపెట్టిన రాజ్యాంగమే లేదు కదా, మరి దేన్ని కాపాడమన్నారు? వాళ్లు వట్టి భజనపరులేనా?
– ఎం.ఏ. చరిత్ర విద్యార్థిని, వరంగల్

జవాబు: మీ మొదటి ప్రశ్న 1791లోనే ఫ్రెంచి విప్లవాన్ని సమర్థించిన రచయిత థామస్ పెయిన్ అడిగాడు. ఇంగ్లండ్‌కి రాజ్యాంగం ఉంటే చూపించండి అని, ఆ విప్లవాన్ని తప్పుపట్టిన ఎడ్మండ్ బర్క్‌ని నిలదీశాడు. పెయిన్ రాసిన 'రైట్స్ ఆఫ్ మ్యాన్' (మనిషి హక్కులు) చౌక ప్రతులు చేతిపనులవాళ్ల దాకా వెళ్లేసరికి పెద్దలకు టెన్షన్ పట్టుకుంది. 1792 నవంబరులో జాన్ రీవ్స్ అనే లాయరు లండన్‌లో స్వేచ్ఛనీ ఆస్తినీ కాపాడే సంఘం అంటూ ఒకటి పెట్టాడు, చూస్తుండగానే ఊరూరా అలాంటివి వెలిసి కరపత్రాలు పంచడం మొదలుపెట్టాయి.

అప్పటి కరపత్రాల్లో మీరు తప్పకుండా చదవాల్సింది రచయిత్రి హన్నా మోర్ రాసిన 'విలేజ్ పాలిటిక్స్'. పెయిన్ పుస్తకం చదివి మనసు పాడుచేసుకున్న తాపీమేస్త్రీ టామ్‌కీ, కమ్మరి జాక్‌కీ మధ్య సంభాషణ అది. జాక్ తన ఊరి దొర కోట సంగతి చెబుతాడు: దొరసాని దాన్ని పడగొట్టి కొత్త ఫ్యాషన్‌లో కట్టించమంటే, పూర్వీకులు కట్టింది, యుద్ధాలకు తట్టుకుని నిలబడింది, కావాలంటే మరమ్మతు చేయిస్తాను గానీ కూల్చనని దొర అంటాడు. వాళ్ల దృష్టిలో రాజ్యాంగం అంటే ఆ కోటే. జ్యూరీ విచారణ, కారణం చూపకుండా జైల్లో ఉంచకూడదన్న 1679 హెబియస్ కార్పస్ చట్టం, రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1689 హక్కుల చట్టం, రాజు, పార్లమెంటులోని ప్రభువుల సభ, ఎన్నికైన కామన్స్ సభ ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకోవడం, అన్నీ కలిపి.

భజన అనలేం. చట్టం ముందు దొరా కూలీ ఒకటే అన్నది వాళ్లు గట్టిగా పట్టుకున్న మాట, దానికి ఆధారమూ ఉంది. తన దివాణంలో పనిచేసే మనిషిని చంపినందుకు 1760లో ఫెరర్స్ ప్రభువుని బహిరంగంగా ఉరితీశారు. కానీ ఓటు లేని పేదవాడికి ఆ సమానత్వం ఏపాటిదో వాళ్లు చెప్పలేదు. పైగా అదే చట్టం పేరుతో పెయిన్‌ని, అతను దేశంలో లేనప్పుడు, రాజద్రోహ రాతలకు దోషిగా తేల్చారు. 1794లో హెబియస్ కార్పస్‌నే ఆపేశారు. ఇది నాకు క్షమించరాని పనిగానే కనిపిస్తుంది.

అయితే వాళ్లు పొగిడిన జ్యూరీ మాత్రం మాట నిలబెట్టుకుంది. సంస్కరణలు కోరిన చెప్పుల పనివాడు థామస్ హార్డీ మీద ప్రభుత్వం దేశద్రోహం కేసు పెడితే, 1794 నవంబరు 5న నిర్దోషి అని తేల్చింది. మరుసటి ఏడాది రీవ్స్ వంతు వచ్చింది. రాచరికం చెట్టు మొదలు, పార్లమెంటు సభలు కొమ్మలు, కొమ్మలు నరికినా చెట్టు బతుకుతుంది అని రాసేసరికి కామన్స్ సభ మండిపడి అతని మీదే కేసు పెట్టించింది. 1796లో జ్యూరీ ఆ కరపత్రం చాలా అనుచితమైనదే అంటూనే, దురుద్దేశం లేదని అతన్నీ వదిలేసింది.